మార్చిలో కదిలే బస్సు

పరాయి పొలం చూడ్డానికి వెళ్ళిన రైతు ముందు పైరు వంక చూడడు, మోటారు వంక చూస్తాడు. బోరు ఎన్నడుగులు, నీళ్ళు ఎన్ని అంగుళాలు, కరెంటు ఏ వేళప్పుడు ఇస్తున్నారు, పాకలో గొడ్లెన్ని, కలుపుకు మనుషులు ఎక్కణ్ణుంచి వస్తున్నారు, కూలి ఎంత? ఇవన్నీ అడిగాక గానీ వానపాముల సంగతికి రాడు. శిక్షణ ఇచ్చేవాళ్ళకు ఇది విసుగ్గా ఉంటుంది. వాళ్ళు పిడికెడు మట్టి తీసి వాసన చూపించాలని ఆరాటపడుతుంటే, వెనకాల నిలబడ్డ మనిషి డ్రిప్పుకు సబ్సిడీ ఎంతొచ్చిందని అడుగుతాడు. వీళ్ళకు నేర్చుకోవాలని లేదు, ఊరికే తిరిగిపోదామని వచ్చారు అనిపిస్తుంది.

ఆ మాట తప్పు. తన పొలానికీ ఈ పొలానికీ ఉన్న తేడాలన్నీ ఒక్కొక్కటే తీసేసి, మిగిలిన పచ్చదనం సేద్యం పద్ధతి వల్ల వచ్చిందా, ఆసామి జేబు వల్ల వచ్చిందా అని ఆ రైతు లెక్క కడుతున్నాడు. ఏ పరిశోధకుడైనా చేసేది ఆ పనే. మన శిక్షణ యాత్రలు ఆ లెక్కకు సరిపడా సమాచారం ఇవ్వడం లేదన్నదే ఇక్కడ ఫిర్యాదు.

ఈ ఫిర్యాదుకు ఇప్పుడు సందర్భం ఉంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2,481 కోట్ల రూపాయలు, 15,000 క్లస్టర్లు, కోటి మంది రైతులు, 7.5 లక్షల హెక్టార్లు. కషాయాలు, జీవామృతం అందుబాటులో ఉంచే కేంద్రాలు 10,000. గడప గడపకూ వెళ్ళి చెప్పడానికి 30,000 మంది కృషి సఖులు. వీటితో పాటు కృషి విజ్ఞాన కేంద్రాల్లో, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, రైతుల పొలాల్లో కలిపి సుమారు 2,000 నమూనా క్షేత్రాలు. అంటే రాబోయే కాలంలో లక్షల మందిని బస్సులెక్కించి ఎక్కడో ఒకచోట దింపుతారు. ఎక్కడ దింపుతారన్నదీ, ఏ నెలలో దింపుతారన్నదీ పథకం ఫలితాన్ని తేల్చే విషయాలు. టెంటు, బ్యానరు, మధ్యాహ్న భోజనం ఎలాగూ కుదురుతాయి.

నమూనా క్షేత్రంతో వచ్చే చిక్కు కొత్తదేమీ కాదు. చుట్టూ కంచె, ఎండని బోరు, నెల జీతం మీద పనివాళ్ళు, పంట పోయినా వడ్డీ అడగడానికి గుమ్మంలోకి రాని అప్పులవాడు. ఇవన్నీ ఉన్న మడిలో వంగ మొక్క ఎంత బాగా కాసినా, చూసినవాడు గేటు దాటగానే ఒకే మాట అంటాడు: "అది గవర్నమెంటు పొలమండీ." ఆ ఒక్క మాటతో అక్కడి పాఠం అక్కడే రద్దయిపోతుంది.

ఈ చిక్కును నూటపాతికేళ్ళ నాడే పట్టుకున్నాయన ఒకరున్నారు. అమెరికాలో సీమన్ నాప్. ఆయనకు సేంద్రియంతో సంబంధం లేదు. టెక్సాస్ పత్తిని ముక్కుపురుగు తినేస్తున్న రోజుల్లో వ్యవసాయ శాఖ తరఫున పనిచేస్తున్నాడు. ప్రభుత్వం నడిపే ప్రదర్శన క్షేత్రాలు రైతు మనసు మార్చడం లేదని గమనించి, 1903లో టెరెల్ అనే ఊళ్ళో వాల్టర్ పోర్టర్ అనే మామూలు రైతు పొలంలోనే, ఆయన చేతే, ఆయన ఖర్చుతోనే కొత్త పద్ధతిలో సాగు చేయించాడు. అయితే అందులో ఒక ఏర్పాటుంది. పంట దెబ్బతింటే పోర్టర్‌కు వచ్చే నష్టం భరించడానికి ఊరి వ్యాపారులు ముందే ఒక నిధి సమకూర్చారు. ఆ ఏడు పోర్టర్‌కు లాభమే వచ్చింది. ఆ నిధి జోలికి వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. ఆ తర్వాత ప్రపంచమంతా వ్యవసాయ విస్తరణ పేరుతో ఆ ప్రదర్శనను అనుకరించింది. నష్టం నిధి సంగతి మాత్రం ఎక్కడో జారిపోయింది. మన పథకాల్లో శిక్షణకు డబ్బుంది, డ్రమ్ములకు డబ్బుంది, సంచులకు కూడా ఉంది. మొదటి ఏడాది దిగుబడి తగ్గితే ఆ తేడా ఎవరు పూడుస్తారన్న ప్రశ్నకు నిధి లేదు. బస్సులో వచ్చిన రైతు మోటారు చుట్టూ తిరుగుతూ అడుగుతున్నది ఇదే.

కార్యశాలలో బాగా నేర్పగలిగినవి లేకపోలేదు. జీవామృతం అలాంటిది. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. నీడలో పెట్టి కర్రతో కలుపుతూ 48 గంటలు. చెట్టు కింద డ్రమ్ము పెట్టి ఒక్క పూటలో చూపించేయొచ్చు. పెట్టుబడి లేని ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ రోజుల తరబడి నడిపిన శిబిరాల్లో వేలమంది నోట్‌బుక్కుల్లో రాసుకున్నది ఈ కొలతలే. బీజామృతం (విత్తనశుద్ధి), ఆచ్ఛాదన (మట్టిని కప్పి ఉంచడం), వాపస (మట్టిలో గాలీ తేమా కలిసి ఉండడం) అనే మాటలు మన పల్లెల్లో వాడుకలోకి వచ్చింది ఆ శిబిరాల వల్లే. ఆ మేలు కాదనలేం.

కానీ వంటకం నేర్చుకోవడం వేరు, ఇల్లు గడపడం వేరు. ఒక్క ఆవుతో 30 ఎకరాలన్నది పాలేకర్ లెక్క. ఒక్క ఆవూ లేని ఇంటికి ఆ లెక్క ఎక్కణ్ణుంచి మొదలవ్వాలి? యూరియా మానేసిన తొలి ఏడు పక్క చేను ముదురాకుపచ్చగా, తన చేను పాలిపోయినట్టు కనిపిస్తున్నప్పుడు ఇంట్లో వాళ్ళకు ఏం చెప్పాలి? పెట్టుబడి లేని ప్రకృతి సేద్యానికి శాస్త్రీయ ఆధారాలు చాలవని 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ బాహాటంగానే అభ్యంతరం చెప్పింది. ఆ వాదం తేలాల్సినచోట తేలుతుంది. శిబిరంలో కూర్చున్న రైతుకు అలాంటి వాదం ఒకటుందని చెప్పకపోవడం మాత్రం న్యాయం కాదు.

ఇంకో సంగతి. వారాంతపు తరగతులకు వచ్చేవాళ్ళలో సేద్యం మీదే బతికేవాళ్ళు ఎందరు? గుంటూరు జిల్లా కొర్నెపాడులో రైతునేస్తం వాళ్ళు ఆదివారాలు శిక్షణ పెడతారు. హైదరాబాదు చుట్టుపక్కల ప్రైవేటు క్షేత్రాల్లోనూ ఇలాంటివి జరుగుతుంటాయి. ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు, సాఫ్ట్‌వేర్‌లో ఉంటూ ఊరి పొలం మీద బెంగపెట్టుకున్నవాళ్ళు, కొత్తగా నాలుగెకరాలు కొన్నవాళ్ళు వస్తారు. రావాలి కూడా. వాళ్ళను వెక్కిరించడం తేలిక, నాకది ఇష్టం లేదు. వాళ్ళ ఇంట్లో నెల తిరిగేసరికి జీతమో పింఛనో పడుతుంది కాబట్టి మూడేళ్ళు నష్టం ఓర్చుకుని మట్టిని బాగుచేసుకోగలరు. అలా బాగుపడ్డ పొలాల మీద వీడియోలు వస్తాయి, సందర్శకులు వస్తారు, చివరికి వ్యవసాయ శాఖ బస్సు కూడా అక్కడికే వస్తుంది. జీతం ఆసరాతో నిలబడ్డ పొలాన్ని అప్పు మీద నిలబడ్డ రైతుకు ఆదర్శంగా చూపిస్తున్నామన్న సంగతి ఎవరి దృష్టికీ రాదు.

పట్నవాసులకు పొలం చూపే సరైన పద్ధతి వేరే ఉంది. 1971లో లండన్‌లో స్యూ కొపార్డ్ అనే సెక్రటరీ శని, ఆదివారాలు సేంద్రియ క్షేత్రంలో పనిచేసేందుకు కొంతమందిని ససెక్స్ పంపే ఏర్పాటు మొదలుపెట్టింది. తిండీ పడకా క్షేత్రం వాళ్ళవి, రెక్కల కష్టం వెళ్ళినవాళ్ళది. అదే పెరిగి ఇప్పుడు ఎన్నో దేశాల్లో వూఫ్ పేరుతో నడుస్తోంది. ఒక్క పూట కలుపు తీసినవాడు ఆ తర్వాత బజార్లో కూరగాయల ధర దగ్గర బేరమాడే తీరు మారుతుంది. మన అగ్రి టూరిజంలో ఎడ్లబండి ఎక్కి ఫొటో దిగడం ఉంది గానీ, కొడవలి చేతికివ్వడం తక్కువ.

మరి నేర్చుకోవడానికి వెళ్ళాల్సిన చోటు ఎలా ఉండాలి? తెలుగునాట రెండు ఊళ్ళు ఉన్నాయి, రెండూ ఇప్పటి తెలంగాణలోనే. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలో ఏనెబావి చిన్న పల్లె, గడపలు యాభై దాటి ఎన్నో లేవు. అక్కడ కథ మొదలైంది ఆదర్శంతో కాదు, బొంతపురుగుతో. ఎర్ర గొంగళి పురుగు ఆముదం చేలను ఊడ్చిపెట్టుకుపోయేది. దాని తీరు తెలిస్తే ఈ ఊరి తీరు అర్థమవుతుంది. పురుగు ప్యూపాగా మట్టిలో దాక్కుని ఉంటుంది. తొలకరి వాన పడగానే రెక్కల పురుగులు బయటికొచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు ఎదిగి గుంపుగా ఒక చేను ముగించి పక్క చేలోకి నడుస్తాయి. పెద్దవైన పురుగు ఒంటినిండా బొచ్చు ఉంటుంది, మందుకు లొంగదు. కాబట్టి వేసవి దుక్కితో ప్యూపాల్ని ఎండకు బయటపెట్టాలి. వాన పడ్డ రాత్రుళ్ళు మంటలు వేసి రెక్కల పురుగుల్ని రప్పించాలి. మిగిలినవి నడిచివచ్చే దారిలో కందకం తీయాలి. వీటిలో ఏదీ ఒక్కడు చేస్తే లాభం లేదు. నువ్వు మంట వేసి పక్కవాడు వెయ్యకపోతే, వాడి చేలో పుట్టింది నీ చేలోకే వస్తుంది. తొంభైల చివర్లో జనగామలోని క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఆసరాతో ఊరంతా ఒకే రాత్రి మంటలు వేసింది. అక్కణ్ణుంచి పురుగుమందులు మానడం, తర్వాత రసాయన ఎరువులు మానడం, 2006 నాటికి రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకోవడం అన్నీ ఆ కలిసివచ్చిన అలవాటు మీద నడిచాయి.

ఖమ్మం ప్రాంతంలో పాల్వంచ దగ్గరి పునుకుల ఇంకో పాఠం. అది పత్తి ఊరు. మందుల దుకాణదారే అప్పు ఇచ్చేవాడు, పత్తి కొనేవాడూ చాలాసార్లు ఆయనే. అందువల్ల మందు మానడమంటే అప్పు మానడం. అంటే ఆయనతో ఉన్న సంబంధం మొత్తం మానడం. వేపగింజల కషాయం ఆ ఊరి కథలో సగమే. మహిళా సంఘాలు పూనుకోవడం, పంచాయతీ తీర్మానం చేసి మందుల వ్యాపారులను ఊళ్ళోకి రావద్దనడం మిగతా సగం. ఆ ఊళ్ళను చూసివచ్చినవాళ్ళ ద్వారా, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం మహిళా సంఘాల ద్వారా, పురుగుమందులు లేని సేద్యం ఉమ్మడి రాష్ట్రంలో లక్షల ఎకరాలకు పాకింది.

అలాంటి ఊరికి బస్సులో వెళ్ళినవాడు ఏం చూస్తాడు? గట్టు మీద కషాయం డ్రమ్ము చూస్తాడు, ఫొటో తీసుకుంటాడు. మంట వెయ్యడానికి రానని మొండికేసిన ఇంటిని ఎలా ఒప్పించారు, దుకాణదారుకు పాత బాకీ ఎలా తీర్చారు అన్నది డ్రమ్ములో కనబడదు. దాన్ని అడగాలంటే ఒక రాత్రి ఆ ఊళ్ళో పడుకోవాలి. మన యాత్రల్లో ఊరికి కేటాయించే సమయం సాధారణంగా రెండు గంటలు, అందులో ముప్పావు గంట శాలువాలకు పోతుంది.

తరగతి గదీ బస్సూ రెండూ వద్దని చెప్పే పద్ధతి ఒకటి మనకు ముందే ఉంది. దానికి మంచి తెలుగు పేరు కూడా పెట్టుకున్నాం, పొలంబడి. 1989లో ఇండొనేసియాలో వరి రైతుల కోసం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మొదలుపెట్టింది. సుడిదోమ అక్కడ మందు కొట్టేకొద్దీ పెరిగింది, ఎందుకంటే దాన్ని తినే సాలీళ్ళు ముందు చచ్చిపోయేవి. పాతిక ముప్ఫై మంది రైతులు పంటకాలమంతా వారానికోసారి ఒకే మడిలోకి దిగి, దుబ్బులు పరిశీలించి, శత్రు పురుగులెన్ని, మిత్ర పురుగులెన్ని అని లెక్కపెట్టి, పెద్ద కాగితం మీద బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని వాళ్ళే తేల్చేవారు. ఇందులో ఉపన్యాసకుడు లేడు. సాలీడును ఇన్నాళ్ళూ పురుగే అనుకుని చంపుతున్నానని ఎవరికి వారే గ్రహించడం తప్ప పెద్ద పాఠమూ లేదు.

దీనికీ పరిమితులున్నాయి. ఇండొనేసియా పొలంబడి వల్ల దిగుబడులూ, మందుల వాడకమూ చెప్పుకోదగ్గంత మారలేదని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2004లో రాశారు. పొలంబడిలో చదువుకున్నవాళ్ళ నుంచి పక్క రైతుకు విద్య పాకలేదని కూడా అన్నారు. దాని మీద ప్రతివాదాలు వచ్చాయి. నాకు మాత్రం ఆ పాకకపోవడమే అసలు విషయంగా కనిపిస్తుంది. వారం వారం కూర్చుని కంటితో చూసి నేర్చిన విద్య నోటిమాటగా గట్టు దాటదు. పక్కవాడు కూడా ఆ మడిలో దిగాల్సిందే. అంటే ఈ చదువు నెమ్మది. దీనికి అడ్డదారి లేదు, తొందరపెడితే అంకెలు మాత్రం వస్తాయి.

ఆంధ్రప్రదేశ్ ఈ నెమ్మదినీ, ఈ తొందరనీ రెంటినీ చూసింది. 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం సరైన చోటే చెయ్యి వేసింది. బయటి నిపుణుడికి బదులు తన పొలంలో చేసి చూపిన రైతునే గురువుగా పెట్టింది, డ్వాక్రా సంఘాలను వాహకంగా చేసుకుంది. అనంతపురంలో వానలకు ముందే, మట్టీ బూడిదా ఘన జీవామృతం పట్టించిన నవధాన్యాల విత్తనాలు పొడి దుక్కిలో చల్లే పద్ధతి రైతుల దగ్గరే పదునెక్కింది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. ఇదంతా గర్వపడాల్సిందే. అయితే 2018లో, 60 లక్షల మంది రైతులను 2024 కల్లా ఇందులోకి తెస్తామని చాటింది కూడా ఈ కార్యక్రమమే. గడువు వచ్చేసరికి లెక్క ఆ అంకెకు చాలా దూరంలో ఉంది. దాన్ని వైఫల్యం అనను. ఒక రైతు పూర్తిగా మారడానికి ఏళ్ళు పడుతుందని ఆ పని చేసేవాళ్ళే చెబుతారు. తప్పల్లా ఆ ఏళ్ళను అంకెలోకి ఇరికించడంలో ఉంది. చదువు లేకుండా హుకుంతో మార్చబోతే ఏమవుతుందో శ్రీలంక చూపింది. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు, ఆ ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. అప్పటికే వరి దెబ్బతింది.

ఏ యాత్రా కార్యక్రమంలోనూ లేని ప్రశ్న కౌలుది. మట్టి కోలుకోవడానికి మూడేళ్ళు కావాలంటారు. సేంద్రియ సాగుకు ఇచ్చే పీజీఎస్ ధ్రువీకరణలోనూ ఏడాది పంటలకు 24 నెలలు, తోటలకు 36 నెలలు మార్పిడి కాలం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు ఇచ్చిన పత్రం గడువు 11 నెలలు. తన పేడ, తన చెమట పోసి గుల్లబరిచిన మట్టి పన్నెండో నెలలో ఇంకొకరి చేతికి పోతుందని తెలిసినవాడికి ఆచ్ఛాదన గురించి ఎంత చక్కగా చెప్పినా చెవికెక్కదు. డెల్టాలో వరి వేసే చేతుల్లో చాలా భాగం కౌలుదారులవే. బస్సులో సీటు మాత్రం పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికి దొరుకుతుంది. ఆడవాళ్ళ సంగతీ అంతే. కలుపు వాళ్ళు తీస్తారు, పేడ వాళ్ళు ఎత్తుతారు, విత్తనం వాళ్ళు దాస్తారు. రెండు రోజుల యాత్రకు మగవాళ్ళు వెళ్ళొచ్చి ఇంట్లో పని పెరిగిందని చెబుతారు.

జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఈ ముడిని ఇంకోలా విప్పారు. రైతుల్ని ఎక్కడికో తీసుకెళ్ళడానికి బదులు, సంక్రాంతి వేళ ఎడ్లబండ్లకు జొన్న, సామ, కొర్ర, కంది విత్తనాల కుండలు అలంకరించి ఊరూరా తిప్పుతారు. దాదాపు నెల పాటు సాగే పాత పంటల జాతర అది. బండి వెంట వచ్చినవాళ్ళు అవే ఎర్ర నేలల్లో, అవే వానలకు పండించినవాళ్ళు. "మీ బోరు ఎన్నడుగులు?" అని అడిగే పనే లేదు, బోరు లేదు. ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాలవాళ్ళు. వాళ్ళతో పంట మాటలు మాట్లాడడానికి ఇంకో ఊరి ఆడవాళ్ళకు బెరుకుండదు. జనం దగ్గరికి విద్య నడిచిరావడమంటే ఇది.

ఇలాంటిదే ఇంకొకటి ప్రభుత్వ కాగితాల్లోనే ఉండి ఎవరికీ పట్టకుండా పోతోంది. పీజీఎస్‌లో ధ్రువీకరణ ఇచ్చేది అధికారి కాదు, తోటి రైతులు. కనీసం ఐదుగురు చుట్టుపక్కల రైతులు జట్టుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవాలి. చాలాచోట్ల ఇది సంతకాల తంతుగా మారింది, ఒకే చోట కూర్చుని ఫారాలన్నీ నింపేస్తారు. నిజంగా గట్లెక్కి తిరిగితే దానికి మించిన కార్యశాల లేదు. తనిఖీకి వచ్చినవాడికి ఆ నేల తెలుసు, ఆ వాన తెలుసు. పక్క చేలో కొట్టిన మందు గాలికి ఇటు పడిందో లేదో కూడా తెలుసు. ఎక్కడ అబద్ధం చెబుతున్నావో అతనికి ఇట్టే తెలిసిపోతుంది. పంట పోయిన మూల దాచడానికి వీల్లేదు. గుజరాత్‌లో ఉంబర్‌గావ్ దగ్గర భాస్కర్ సావే అనే రైతు తన తోటను ఏళ్ళ తరబడి ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చినవాళ్ళకల్లా తెరిచి ఉంచాడు. వారం వారం తలుపు తెరిచి ఉండే చోట ఒక్క రోజు ముస్తాబు పనికిరాదు. కేంద్ర మిషన్ చెప్పిన ఆ 2,000 నమూనా క్షేత్రాల్లో కొన్నయినా అలా ఉండాలి. గేటు దగ్గర దిగుబడి బోర్డుతో పాటు, నిరుడు ఏ పంట ఎందుకు పోయిందో, ఎంత పోయిందో, కూలికి ఎంతయిందో రాసిన ఇంకో బోర్డు పెట్టాలి.

ఇక నెల సంగతి. శిక్షణ యాత్రల డబ్బు ఖర్చు కాకపోతే మార్చి 31తో వెనక్కి పోతుంది. అందుకే మన బస్సులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కదులుతాయి. అప్పటికి మెట్ట చేలు కోసేసి ఉంటాయి. కంది మోళ్ళు, ఎండిన కాలువ, పోయిన ఏడాది ఫ్లెక్సీ. బొంతపురుగుకు మంట వేసేది తొలకరిలో. నవధాన్యాలు చల్లి పచ్చదనం చూపించేది నడివేసవిలో. పత్తిలో పచ్చదోమ వచ్చి రైతు చెయ్యి మందు డబ్బా వైపు లాగేది ఆగస్టులో. ఎవరికైనా ఏదైనా నేర్పదలిస్తే ఆ వారం ఆ గట్టు మీద నిలబెట్టాలి. ఆగస్టులో బస్సు కదలాలంటే మంజూరు ఉత్తర్వు జూన్‌లో చేతికి రావాలి, డీజిల్ బిల్లు పాసయ్యే దారి జులైలో తెరుచుకోవాలి.